అమెరికాలో గవర్నమెంట్ హౌసింగ్: మన స్టేటస్‌కి ఏది వస్తుంది, ఏది రాదు, అప్లికేషన్ ఎలా పెట్టాలి

గుళ్ళో ప్రసాదం లైన్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది, "మా అమ్మానాన్నలకి గ్రీన్ కార్డ్ వచ్చి నాలుగు నెలలే అయిందండీ, సీనియర్ అపార్ట్‌మెంట్‌కి ఐదేళ్ళు ఆగాలంట కదా?" అని. ఆగక్కర్లేదు. ఆ ఐదేళ్ళ రూల్ 1996 వెల్ఫేర్ చట్టంలోది, మెడికెయిడ్, ఫుడ్ స్టాంప్స్ లాంటి కొన్నిటికి పెట్టారు, సెక్షన్ 8కీ (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) పబ్లిక్ హౌసింగ్‌కీ (ప్రభుత్వ సంస్థే నడిపే ఇళ్ళు) పెట్టలేదు. కానీ వాట్సాప్‌లో అన్నీ కలిపేసి ఒకే ముద్ద చేసేశారు, దాంతో అర్హత ఉన్నవాళ్ళు అప్లై చేయకుండా కూర్చుంటున్నారు, లేనివాళ్ళేమో ఫారం నింపి లేనిపోని చిక్కుల్లో పడుతున్నారు.

నేను లాయర్ని కాదు. మా అత్తగారి అప్లికేషన్‌తో మొదలుపెట్టి తెలిసినవాళ్ళకి ఫారాలు నింపిపెట్టడం అలవాటైపోయింది, అలా తెలిసిన సంగతులే ఇవన్నీ. కేసు కాస్త తేడాగా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగకుండా సంతకం పెట్టకండి.

మొదట చేయాల్సింది: ఆ ఇంటి వెనకున్న డబ్బు ఏదో కనుక్కోవడం

"నాకు అర్హత ఉందా" అని అడిగితే జవాబు రాదండి. ఏ ప్రోగ్రాం అన్నది ముందు తేలాలి, ఎందుకంటే బయటనుంచి చూస్తే అన్నీ "లో ఇన్‌కమ్ అపార్ట్‌మెంట్స్" లాగే ఉంటాయ్, లోపల డబ్బు వచ్చే దారి వేరు, రూల్ వేరు. ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్క ముక్క అడగండి, "ఇది సెక్షన్ 8 ప్రాపర్టీనా, ట్యాక్స్ క్రెడిట్ ప్రాపర్టీనా, సెక్షన్ 202నా?" అని. ఈ ప్రశ్న అడిగితే అవతలివాళ్ళు కూడా కాస్త సరిగ్గా మాట్లాడతారు, అది నా అనుభవం.

పబ్లిక్ హౌసింగ్, వోచర్ (ఇల్లు మీరే వెతుక్కుంటే అద్దెలో కొంత కట్టే సాయం, సెక్షన్ 8 అని అందరూ పిలిచేది ఎక్కువగా ఇదే), బిల్డింగ్‌కే కట్టేసిన సెక్షన్ 8, ఈ మూడింటికీ 1980 నాటి హౌసింగ్ అండ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ చట్టంలోని సెక్షన్ 214 వర్తిస్తుంది. అంటే ఇమ్మిగ్రేషన్ స్టేటస్ చూస్తారు, ప్రతి మనిషిదీ చూస్తారు.

ట్యాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్స్ సంగతి వేరు. ఇవి హడ్ (ఫెడరల్ హౌసింగ్ శాఖ) డబ్బుతో కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 42 కింద నడుస్తాయి, సెక్షన్ 214 వీటికి లేదు. ఆదాయం చూస్తారు, అంతే. హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీదున్న ఉద్యోగం పోయి కొత్తది తక్కువ జీతానికి దొరికినవాళ్ళూ, ఒక్క జీతం మీద నడిచే కుటుంబాలూ ముందు వీటినే చూడాలి, కానీ మనవాళ్ళకి వీటి గురించి తెలిసింది తక్కువ. ఒక మెలిక మాత్రం ఉంది, ఇంట్లో ఉండేవాళ్ళందరూ ఫుల్ టైం స్టూడెంట్లే అయితే ఇవ్వరు. నలుగురు ఎంఎస్ పిల్లలు కలిసి అద్దె తక్కువ కదా అని వెళ్తే తిరిగొచ్చేది దీనివల్లే, వీసా వల్ల కాదు. పెళ్ళయి జాయింట్‌గా ట్యాక్స్ ఫైల్ చేయగలిగిన స్టూడెంట్ జంటకి మినహాయింపు ఉంది. ఇంకో సంగతి, ట్యాక్స్ క్రెడిట్ బిల్డింగ్‌లోనే కొన్ని ఫ్లాట్లకి సెక్షన్ 8 కూడా కలిపి ఉంటుంది, అప్పుడు ఆ ఫ్లాట్‌కి స్టేటస్ చూస్తారు.

సెక్షన్ 202 అంటే 62 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళ కోసం కట్టినవి. పాతవాటిలో చాలావాటికి సెక్షన్ 8 డబ్బు తగులుకుని ఉంటుంది కాబట్టి స్టేటస్ రూల్ ఉంటుంది. 1990 చట్టం తర్వాత వచ్చిన రకాన్ని పీఆర్ఏసీ అంటారు, అది సెక్షన్ 214 లిస్టులో లేదు. అయినా మేనేజ్‌మెంట్ వాళ్ళు గ్రీన్ కార్డ్ కాపీ అడగొచ్చు, ఉంటే ఇచ్చేయండి, వాదన పెట్టుకోవద్దు.

రెండోది: ఇంట్లో ఒక్కొక్కళ్ళ స్టేటస్ కాగితం మీద రాయండి

కుటుంబం మొత్తానికి ఒక స్టేటస్ అని ఉండదు. తెల్లకాగితం తీసుకుని పేరు, పుట్టిన తేదీ, స్టేటస్, దాని పక్కన రుజువు ఏముందో రాసుకోండి. సెక్షన్ 214 ప్రోగ్రాములకి లెక్కలోకొచ్చేది ఎవరంటే, సిటిజన్లు, గ్రీన్ కార్డ్ వాళ్ళు (పెళ్ళి ద్వారా వచ్చిన రెండేళ్ళ కండిషనల్ కార్డ్ కూడా చెల్లుతుంది), రెఫ్యూజీలు, అసైలం మంజూరైనవాళ్ళు, పెరోల్ (జైలు పెరోల్ కాదు, ప్రత్యేక అనుమతితో దేశంలోకి రానివ్వడం) మీద ఉన్నవాళ్ళు, డిపోర్టేషన్ ఆపించుకున్న కొందరు, ఇంకా మనకి అంతగా సంబంధం లేని చిన్న చిన్న వర్గాలు కొన్ని.

లెక్కలోకి రానివాళ్ళు: ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), దాని మీద వచ్చిన ఎఫ్-2, హెచ్-1బి, దాని మీద వచ్చిన హెచ్-4, ఎల్-1 (కంపెనీ బదిలీ వీసా), విజిటర్ వీసా. అసైలం అప్లై చేసి ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా రారు, మంజూరవ్వాలి. డాకా పిల్లలూ (చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చి తాత్కాలిక రక్షణ పొందినవాళ్ళు) రారు.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది ఈఏడీ కార్డ్ దగ్గర. "నాకు వర్క్ పర్మిట్ ఉంది, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉంది, ట్యాక్స్ కడుతున్నా, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయి పన్నెండేళ్ళయింది" అంటారు, నిజమే, బాధగానే ఉంటుంది, ఆ గ్రీన్ కార్డ్ క్యూలో నేనూ నిలబడ్డవాణ్ణే. కానీ పనిచేసుకోవడానికి పర్మిషన్ వేరు, హౌసింగ్ సాయానికి అర్హత వేరు. ఐ-485 (గ్రీన్ కార్డ్ చివరి అప్లికేషన్) పెండింగ్‌లో ఉంటే అది పెండింగే, కార్డ్ చేతికొచ్చాకే గ్రీన్ కార్డ్ కింద లెక్క.

మూడోది: ఒక్కళ్ళకి అర్హత ఉండి ఇంకొకళ్ళకి లేకపోతే

దీన్ని మిక్స్‌డ్ ఫ్యామిలీ అంటారు, మన ఇళ్ళల్లో ఇదే ఎక్కువ, పిల్లలు ఇక్కడ పుట్టిన సిటిజన్లు, తల్లిదండ్రులు వీసా మీద. ఇంట్లో కనీసం ఒక్కళ్ళకి అర్హత ఉంటే కుటుంబం అప్లై చేయొచ్చు, ఆ ఒక్కళ్ళు చంటిపిల్లైనా సరే. కాకపోతే సాయం మొత్తం ఇవ్వరు, అర్హత ఉన్నవాళ్ళ వంతు ఇస్తారు.

లెక్క చూడండి. భర్తనుంచి విడిపోయిన ఒకావిడ, స్టేటస్ హెచ్-4 నుంచి ఏదో మారే దశలో ఉంది, ఇద్దరు సిటిజన్ పిల్లలు. అద్దె 1800 డాలర్లు అనుకుందాం, ఆవిడ ఆదాయాన్నిబట్టి ఆవిడ కట్టాల్సింది 600, వోచర్ కట్టాల్సింది 1200. ముగ్గురిలో ఇద్దరికే అర్హత కాబట్టి 1200లో మూడింట రెండొంతులు, అంటే 800 ఇస్తారు. ఆవిడ చేతినుంచి 1000 పడుతుంది. పబ్లిక్ హౌసింగ్‌లో లెక్క కాస్త వేరేగా వేస్తారు, సూత్రం అదే.

అర్హత లేని మనిషి "నేను అర్హత కోరడం లేదు" అని ఒక లిస్టులో సంతకం పెడితే చాలు, స్టేటస్ ఏంటో వివరాలు ఇవ్వక్కర్లేదు, ఎస్ఎస్ఎన్ కూడా ఇవ్వక్కర్లేదు. కానీ ఆదాయం మాత్రం అందరిదీ కలుపుతారు. అందుకే హెచ్-1బి జీతం ఫుల్‌గా వస్తున్న ఇంట్లో పిల్ల సిటిజన్ అయినా ఉపయోగం ఉండదు, ఆదాయం దగ్గరే ఆగిపోతుంది. ఈ మిక్స్‌డ్ ఫ్యామిలీ పద్ధతి తీసేయాలని 2019లో హడ్ ప్రతిపాదించింది, 2021లో వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఇది మళ్ళీ చర్చకొస్తుంది కాబట్టి అప్లై చేసే నెలలో రూల్ ఏముందో లోకల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి, నేను రాసిందే వేదం అనుకోకండి.

ఇంట్లో కొట్టేవాడు ఉన్నప్పటి సంగతి కూడా చెప్పాలి. భర్త సిటిజనో గ్రీన్ కార్డో అయితే భార్య వావా (గృహహింస బాధితుల కోసం ఉన్న చట్టం) కింద సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు, ఆ పిటిషన్ మీద హౌసింగ్‌కి కూడా దారి ఉంది. భర్త హెచ్-1బి అయితే ఆ పిటిషన్ కుదరదు, లాయర్ దగ్గర వేరే దారులు చూడాలి. ఏదైనా సరే, ప్రాణం మీదకొచ్చినప్పుడు షెల్టర్‌కి ఫోన్ చేయడానికి వీసా గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు.

నాలుగోది: ఆదాయం, ఇండియాలో ఉన్న ఆస్తి

ఏరియా మీడియన్ ఇన్‌కమ్ అని కౌంటీకి ఒక అంకె ఉంటుంది, ఏటా మారుతుంది. అందులో 80 శాతం లోపు లో ఇన్‌కమ్, 50 లోపు వెరీ లో, 30 చుట్టుపక్కల అయితే ఎక్స్‌ట్రీమ్లీ లో. కొత్తగా ఇచ్చే వోచర్లలో 75 శాతం ఈ చివరివాళ్ళకే ఇవ్వాలని రూల్. అమ్మానాన్నలు వేరే కాపురంగా అప్లై చేస్తే వాళ్ళ ఆదాయమే చూస్తారు, స్పాన్సర్ చేసిన కొడుకు జీతాన్ని కలపరు. అయితే కొడుకు నెలనెలా 500 పంపిస్తుంటే ఆ 500 వాళ్ళ ఆదాయమే, ఫారంలో రాయాలి.

ఇండియా పెన్షన్ ఆదాయమే. గుంటూరులో ఇంటి అద్దె వస్తుంటే ఆదాయమే. ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ కూడా అంతే. "ఇండియాలో ఉన్నది వాళ్ళకెలా తెలుస్తుందిలే" అనే సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి గ్రూపులో ఒకరుంటారు, వాళ్ళు మీ తరఫున కోర్టుకి రారు. ఫారం కింద అబద్ధం చెప్తే ఫెడరల్ నేరం అని రాసి ఉంటుంది, దాని మీద మీ అమ్మగారు సంతకం పెడుతున్నారు. 2016లో వచ్చిన హోత్మా చట్టం వోచర్‌కీ పబ్లిక్ హౌసింగ్‌కీ ఆస్తి పరిమితి పెట్టింది, లక్ష డాలర్లు, ధరల్నిబట్టి కాస్త పెంచుతూ పోతారు, ఒక్కో ఆఫీసు ఒక్కో టైంలో అమలు చేస్తోంది. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాట్ ఒక్కటుంటే ఆ లక్ష దాటిపోవచ్చు. సరే అని అప్లికేషన్‌కి ముందు తమ్ముడి పేర రాసేస్తారు కొందరు, గత రెండేళ్ళలో ఊరికే ఇచ్చేసిన ఆస్తిని కూడా అడుగుతారు, లెక్కలో వేస్తారు.

ఐదోది: కాగితాలు, ఆ డిక్లరేషన్ ఫారం

ఫోటో ఐడీ, పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్ రెండు వైపులా కాపీ, సోషల్ సెక్యూరిటీ కార్డ్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పెన్షన్ కాగితం ఇంగ్లీషులో. తెలుగులో ఉన్న జనన ధ్రువీకరణ పత్రమైతే ట్రాన్స్‌లేషన్ చేయించాలి. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌లో ఒకలా గ్రీన్ కార్డ్‌లో ఒకలా ఉండటం, ఇంటిపేరు ముందూ వెనకా అవ్వడం మన తరతరాల సమస్య, ముందే ఒక లెటర్ రాసి జతచేయండి.

అసలు ప్రాణం సెక్షన్ 214 డిక్లరేషన్‌లో ఉంది. ఒక్కొక్కళ్ళకి ఒక ఫారం, అందులో "నేను సిటిజన్‌ని" అని ఒక బాక్స్, "అర్హత ఉన్న స్టేటస్ ఉన్న నాన్ సిటిజన్‌ని" అని ఒక బాక్స్, "కోరడం లేదు" అని ఒకటి. పెద్దవాళ్ళు తెలీక, లేదా పక్కనున్నవాళ్ళు తొందరపెట్టి, మొదటి బాక్స్ టిక్ పెట్టేస్తారు. సిటిజన్ కాకుండా సిటిజన్ అని రాయడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద తప్పు, గ్రీన్ కార్డ్ పోయి దేశంనుంచి పంపించేదాకా వెళ్ళొచ్చు. ఆ ఫారం ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చదివి తెలుగులో చెప్పి సంతకం పెట్టించండి, కౌంటర్ దగ్గర నిలబడి వద్దు.

62 దాటిన నాన్ సిటిజన్లకి రూల్ కాస్త మెత్తగా ఉంది, డిక్లరేషన్ సంతకం, వయసు రుజువు చాలు అని రాసుంది. మిగతావాళ్ళ వివరాలు సేవ్ అనే ఫెడరల్ సిస్టమ్‌లో చెక్ చేస్తారు. ఇది ఒక్కోసారి మొదటిసారి మ్యాచ్ అవ్వదు, కంగారు పడకండి, రెండో దశ చెకింగ్ ఉంటుంది. మీరు టైముకి కాగితాలు ఇచ్చి ఉంటే ఆ చెకింగ్ అయ్యేదాకా సాయం ఆపకూడదు. చివరికి రాదని తేల్చితే లెటర్ ఇస్తారు, ఆ తేదీ నుంచి 30 రోజుల్లో ఇమ్మిగ్రేషన్ వాళ్ళ దగ్గర అప్పీల్ పెట్టుకోవచ్చు, హౌసింగ్ ఆఫీసులో హియరింగ్ కూడా అడగొచ్చు. 30 రోజులంటే కవర్ మీరు విప్పిన రోజునుంచి కాదు.

ఆరోది: అప్లై చేసి కాచుక్కూర్చోవడం

దేశంలో దాదాపు 3,300 హౌసింగ్ అథారిటీలు (వోచర్లూ పబ్లిక్ హౌసింగూ నడిపే లోకల్ ఆఫీసులు) ఉన్నాయి, ఒక్కోదానికి సొంత వెయిటింగ్ లిస్ట్. అవి ఎప్పుడూ తెరిచి ఉండవు, కొన్ని రోజులు తెరిచి లాటరీ వేసి మూసేస్తారు. మీ ఊరిదే కాదు, పక్క కౌంటీ, పక్క స్టేట్ ఎన్నిటికైనా పెట్టొచ్చు. అప్లికేషన్‌కి డబ్బు తీసుకోరు, ఎవడైనా ఫీజు అడిగాడంటే మోసం. సీనియర్ అపార్ట్‌మెంట్లకి విడిగా ఆ బిల్డింగ్ ఆఫీసులోనే పెట్టాలి.

మా అత్తగారి పేరు ఒకచోట లిస్టులో మూడేళ్ళుంది, మేం మధ్యలో ఇల్లు మారాం, ఆ ఆఫీసుకి అడ్రస్ మార్చమని ఫోన్లో చెప్పాం, వాళ్ళు రాసుకున్నారో లేదో తెలీదు, "ఇంకా ఆసక్తి ఉందా" అని పాత అడ్రస్‌కి లెటర్ వెళ్ళింది, జవాబు రాలేదని పేరు కొట్టేశారు. మూడేళ్ళు గోదాట్లో కలిశాయి. అప్పట్నుంచి నేను ఫోన్లో చెప్పడం మానేశా, ఈమెయిల్ చేస్తా, ఆఫీసుకెళ్తే స్టాంప్ వేయించుకుంటా, జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ప్రతి లిస్టులోనూ పేరుందో లేదో చూస్తా.

వోచర్ చేతికొస్తే ఇల్లు వెతుక్కోవడానికి కనీసం 60 రోజులిస్తారు, తీసుకునే ఓనర్ దొరకడం కష్టమైతే గడువు ముగియకముందే పొడిగించమని రాసి అడగాలి.

ఇల్లు వచ్చాక ఇండియా ప్రయాణం

దీనివల్ల ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నా. చలికాలం మొదలవగానే నవంబర్‌లో వెళ్ళి మామిడికాయ పచ్చళ్ళు పెట్టుకుని జూన్‌లో రావడం మన పెద్దవాళ్ళకి అలవాటు. వోచర్ ఇంట్లో వరసగా 180 రోజులు మించి లేకపోతే సాయం ఆగిపోతుంది, లోకల్ ఆఫీసు ఇంకా తక్కువ రోజులు పెట్టుకోవచ్చు. సీనియర్ బిల్డింగ్‌లలో అయితే హౌస్ రూల్స్‌లో 60 రోజులని ఉండొచ్చు, ఆరోగ్య కారణమైతే 180. టికెట్ బుక్ చేయకముందే ఆ హౌస్ రూల్స్ కాగితం చదవండి, వెళ్ళేముందు ఆఫీసుకి రాసి చెప్పండి. గ్రీన్ కార్డ్ మీద 180 రోజులు మించి బయటుంటే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో కొత్తగా వచ్చినవాళ్ళలాగా ప్రశ్నలు అడిగే వీలుంది, పబ్లిక్ చార్జ్ (ఈ మనిషి ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అన్న పరీక్ష) కూడా అందులో ఒకటి.

పబ్లిక్ చార్జ్ అంటే గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరినుంచి 2021 మార్చి దాకా సెక్షన్ 8, పబ్లిక్ హౌసింగ్ కూడా గ్రీన్ కార్డ్ అప్లికేషన్‌లో లెక్కేశారు, ఆ భయం ఇంకా పోలేదు. 2022 రూల్ ప్రకారం హౌసింగ్ లెక్కలోకి రాదు. కానీ 2025 నవంబర్‌లో ఆ రూల్ తీసేస్తామని ప్రతిపాదన పెట్టారు. కాబట్టి గ్రీన్ కార్డ్ ఇంకా రానివాళ్ళు ఇంట్లో ఉంటే పిల్లల పేర సాయం తీసుకునేముందు లాయర్‌తో ఒక అరగంట మాట్లాడండి. గ్రీన్ కార్డ్ ఉండి సిటిజన్‌షిప్‌కి వెళ్ళేవాళ్ళకి పబ్లిక్ చార్జ్ పరీక్ష లేదు.

ఇల్లు కొనేవాళ్ళకి

హెచ్-1బి వాళ్ళు 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ హామీతో వచ్చే ఇంటి లోన్) లోన్ తీసుకోవడం మనవాళ్ళలో మామూలుగా ఉండేది. 2025 మే 25నుంచి అది లేదు. పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్ళకి ఎఫ్‌హెచ్‌ఏ ఇవ్వొద్దని ఆ మార్చిలో హడ్ లెటర్ ఇచ్చింది. పాత వీడియోలు చూసి ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. గ్రీన్ కార్డ్ ఉంటే ఎఫ్‌హెచ్‌ఏ మామూలే. హెచ్-1బి వాళ్ళకి మామూలు కన్వెన్షనల్ లోన్ దారి ఉంది, లీగల్‌గా ఉంటే ఫ్యానీ మే (బ్యాంకులనుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) ఒప్పుకుంటుంది. స్టేట్ డౌన్ పేమెంట్ సాయాల్లో చాలావి ఎఫ్‌హెచ్‌ఏతో జతగా నడుస్తాయి కాబట్టి అవీ చేజారాయి, ఒక్కో స్టేట్‌ది విడిగా చూస్కోవాల్సిందే.

సిటీ ఇచ్చే ఇంటి రిపేర్ లోన్లు, గుడికి గ్రాంట్లు

1974నుంచి నడుస్తున్న సీడీబీజీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్) అనే ఫండ్ ఉంది, 50,000 జనాభా దాటిన సిటీలకీ పెద్ద కౌంటీలకీ హడ్ నేరుగా ఇస్తుంది, అందులో కనీసం 70 శాతం తక్కువ ఆదాయం వాళ్ళకి ఉపయోగపడాలి. ఆ డబ్బుతో వీధి లైట్లో పార్కో పెడితే ఎవరి వీసా ఎవరూ అడగరు. అదే డబ్బుతో మీ ఇంటి పైకప్పు బాగుచేయించుకునే లోన్ అడిగితే 1996 చట్టం లెక్కలోకొస్తుంది, అక్కడ గ్రీన్ కార్డ్ లాంటి "క్వాలిఫైడ్" స్టేటస్ కావాలి, హెచ్-1బి అందులో లేదు. 2025 ఫిబ్రవరి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ తర్వాత ఇలాంటివాటిలో చెకింగ్ బాగా పెరిగింది.

గుళ్ళూ తెలుగు సంఘాలూ ఫుడ్ ప్యాంట్రీ, సీనియర్ల ఇంగ్లీష్ క్లాసులు నడుపుతుంటే ఆ సేవలకి సీడీబీజీ డబ్బు అడగొచ్చు, పూజకీ గోపురానికీ కాదు. సేవలకి సిటీ తన డబ్బులో 15 శాతం వరకే పెట్టగలదు కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది. సామ్ డాట్ గవ్ అనే ఫెడరల్ సైట్‌లో యూఈఐ నంబర్ (సంస్థకి ఇచ్చే గుర్తింపు నంబర్) తీసుకోవాలి, దానికే వారాలు పట్టొచ్చు, నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది. స్వచ్ఛంద సంస్థలు వచ్చినవాళ్ళ స్టేటస్ చెక్ చేయక్కర్లేదని 1996 చట్టంలోనే ఉంది, అయినా సిటీ ఇచ్చే అగ్రిమెంట్‌లో ఈమధ్య కొత్త క్లాజులు పెడుతున్నారు, సంతకానికి ముందు "మేం ఏం అడగాలి, ఏం అడగక్కర్లేదు" అని సిటీ దగ్గర రాతలో తీసుకోండి. ఏడాదికి కనీసం రెండుసార్లు దీనిమీద పబ్లిక్ హియరింగ్ పెట్టాలి, మా ఊళ్ళో నేను వెళ్ళినప్పుడు ఆరుగురున్నాం, అందులో ముగ్గురు సిటీ ఉద్యోగులే, మైకు ఇచ్చి ఎంతసేపైనా మాట్లాడమన్నారు.